నీటి దోసమేమున్నది: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

మూలం

నలుపు చాలని ఫిల్మును నమ్మరాదు
తడి మిగిలియున్న తెరకింక దయయె లేదు
వెలుగు చాలక యూడును, పెరిగి మూయు
నీటి దోసమేమున్నది, నీవు కడుగ?

అవతారిక

శ్రావణమాసం. ముహూర్తాలు ముంచుకొచ్చాయి, స్క్రీన్ ప్రింటింగ్ షాపు మీద శుభలేఖల ఆర్డర్లు పడ్డాయి. ఎమల్షన్ పూసి, ఆరబెట్టి, ఎక్స్‌పోజ్ చేసి నీళ్లకింద పెట్టిన స్క్రీనులో శ్రీరస్తు తెరుచుకుంది, శుభమస్తు తెరుచుకుంది, అవిఘ్నమస్తులో ఘకారం కింది నావత్తు తెరుచుకోలేదు. విఘ్నం వెతుక్కుని మరీ అక్కడే కూచుంది. గట్టిగా నీళ్లు కొట్టేసరికి ఒత్తుతోపాటు చుట్టూ ఉన్న ఎమల్షన్ కూడా ఊడి వచ్చింది. షాపులో అందరూ ఏకకంఠంతో ఎమల్షన్ డబ్బాను తిట్టారు. ఆ సందర్భంలో చెప్పిన పద్యమిది. కవి ఎవరో తెలియదు. ఎమల్షన్‌లో కలిపే బైక్రోమేట్‌తో గోళ్లు పచ్చబడినవాడని మాత్రం పద్యమే చెబుతోంది.

ప్రతిపదార్థం

నలుపు చాలని = నల్లగా కనపడుతూనే వెలుగును పోనిచ్చే; ఫిల్మును = పాజిటివ్‌ను (అక్షరాలు నల్లగా అచ్చయిన పారదర్శక కాగితాన్ని; తెరకు అంటించే స్టెన్సిల్ ఫిల్ములు ఇక్కడ వివక్షితం కావు); నమ్మరాదు = బల్లమీద పెట్టి చూసి సరేననుకోరాదు; తడి మిగిలియున్న = వేలికి తగలకున్నా లోపల చెమ్మ దాగిన; తెరకు = ఎమల్షన్ పూసిన మెష్‌కు; ఇంక = తర్వాత ఎంతసేపు వెలుగు చూపినా; దయయె లేదు = గతి లేదు; వెలుగు చాలక = ఎక్స్‌పోజింగ్ తక్కువై; ఊడును = ఎమల్షన్ జారిపోతుంది; పెరిగి = అదే వెలుగు ఎక్కువై; మూయు = అక్షరాన్ని పూడ్చేస్తుంది; నీవు కడుగ = నీవు కడుగుతుండగా; నీటి దోసము ఏమున్నది = నీళ్లదేం తప్పు?

టీక

ఎమల్షన్ ధర్మం ఒక్కటే. వెలుగు తగిలినచోట గట్టిపడి నీటికి లొంగదు, తగలనిచోట కరిగిపోతుంది. దీనికి పూర్వాచార్యులు ఉన్నారు. పొటాషియం బైక్రోమేట్ పూసిన కాగితం ఎండకు రంగు మారుతుందని 1839లో స్కాట్లాండువాసి మంగో పాంటన్ చెప్పాడు. బైక్రోమేట్ కలిపిన జెలటిన్ వెలుగుకు గట్టిపడే గుణాన్ని అచ్చుపనికి వాడుకుంటూ టాల్బట్ 1852లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. మన వీధిచివరి విజిటింగ్ కార్డుల షాపు ఆ గురుపరంపరలోదే.

ఇక మొదటి పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీసి తెల్లకాగితంపై పెడితే అక్షరం కాటుకలా కనిపిస్తుంది. దాన్నే ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి చూస్తే పెద్దక్షరాల నడుమ టోనరు పలచబడి, సన్నచిల్లులు బయటపడతాయి. పైగా ఎమల్షన్‌కు కావలసింది మన కంటికి ఇంపైన వెలుగు కాదు, ఊదారంగు అంచునా దానికి ఆవలా ఉన్నది, సుమారు 350 నుంచి 420 నానోమీటర్ల మధ్యది. అది పలుచని టోనరులోంచి దూరి, కరగవలసిన ఎమల్షన్‌ను సగం గట్టిపరుస్తుంది. అక్షరం తెరుచుకోవడం లేదని మనవాడు ఎక్స్‌పోజింగ్ సమయం తగ్గిస్తాడు. ఇప్పుడు అక్షరం తెరుచుకుంటుంది, చుట్టూ ఉన్నది ఊడుతుంది. సమయం పెంచితే ఊడదు, అక్షరం మూసుకుంటుంది. నలుపు చాలని పాజిటివ్‌కు సరైన సమయం అంటూ ఏదీ ఉండదు. గడియారాన్ని ఎటు తిప్పినా ఒక దోషం సిద్ధం.

పూర్వపక్షం: మా నాన్నగారి రోజుల్లో కాగితానికి కొబ్బరినూనె రాసి, స్క్రీను ఎండలో పెట్టి తీసేవారు. అప్పుడు రాని తంటా ఇప్పుడెందుకు వస్తోంది? ఎమల్షన్ కల్తీ కాబట్టే.

సమాధానం: అయ్యా, నాన్నగారు చిక్కని నల్లసిరాతో చేత్తో రాసేవారు. ఆ సిరా వెలుగును చొరనివ్వదు. నూనె కాగితాన్ని పారదర్శకం చేసిందే తప్ప నలుపును పలచన చెయ్యలేదు. మీరు నాన్నగారి నూనెను గుర్తుపెట్టుకున్నారు, సిరాను మరిచారు.

నలుపు పెంచే దారులు లేకపోలేదు. ప్రింటరులో ముదురు సెట్టింగు పెట్టవచ్చు, టోనరును చిక్కబరిచే స్ప్రే కొట్టవచ్చు, ఇంక్‌జెట్ ఫిల్ముకు మారవచ్చు. రెండు ప్రింట్లు ఒకదానిమీద ఒకటి అతికించడం పేదవాడి ఉపాయం, అయితే వెంట్రుకవాసి జరిగినా దీర్ఘాలన్నీ లావెక్కుతాయి. ట్రేసింగ్ పేపర్ ప్రింటరు వేడికి కుంచించుకుపోతుందని కూడా ఎరిగి ఉండాలి. రెండు రంగుల కార్డులో గణపతి ఒకచోట, ఆయన కిరీటం ఇంకొకచోట అచ్చుపడడానికి తరచు కారణమిదే. కాగితాన్ని ముందొకసారి ఖాళీగా ప్రింటరులోంచి పంపితే కుంచించుకోవలసినదంతా అప్పుడే కుంచించుకుంటుంది. ఇంకొకటి: టోనరు ఉన్న ముఖమే ఎమల్షన్‌కు ఆనాలి. తిరగేస్తే కాగితం మందంలోంచి వెలుగు పక్కలకు పాకి సన్నగీతలను తినేస్తుంది. అద్దం కింద, స్పాంజి పైన, దానిపైన బరువు పెట్టి నొక్కేది ఈ పాకుడును ఆపడానికే.

రెండవ పాదం దగ్గర వ్యాఖ్యాతలు చీలిపోయారు. తడి ఉన్న ఎమల్షన్‌కు వెలుగు చూపినా లోపల గట్టిపడదని ఉభయులూ ఒప్పుకుంటారు. పైపొర ఆరి మెరుస్తూ ఉంటుంది, మెష్ దారాల సందున చెమ్మ అలాగే ఉంటుంది. వానాకాలంలో ఫ్యాన్ తిప్పేదీ ఆ తడిగాలినే. అందుకని డ్రయ్యర్‌వాదులు హెయిర్ డ్రయ్యర్ పట్టాలంటారు. ఫ్యాన్‌వాదులు దాన్ని ఖండిస్తారు. వేడి మితిమీరితే ఎమల్షన్ వెలుగు చూడకముందే గట్టిపడుతుంది. బైక్రోమేట్ కలిపినదైతే చీకట్లో ఊరికే ఉంచినా మెల్లగా బిగుస్తుంది, వేసవిలో మరీ త్వరగా. నిన్న పూసిన స్క్రీను ఇవాళ కడిగితే ఒక్క అక్షరమూ రాకపోతే మంత్రగాణ్ణి పిలవనక్కర్లేదు. సిద్ధాంతం ఏమంటే, చీకటిగదిలో గాలిలోని తేమ తగ్గించాలి. ఏసీ ఉంటే ఏసీ, తేమ లాగే యంత్రం ఉంటే అది. వేడి 40 డిగ్రీలు దాటరాదు. స్క్రీనును అచ్చువేసే వైపు కిందికి పెట్టి పడుకోబెడితే ఎమల్షన్ ఆ వైపుకు దిగి మెష్‌ను నిండుగా కప్పుతుంది. పెళ్లివారి తొందర ఈ శాస్త్రంలో ప్రమాణం కాదు.

మూడవ పాదానికి అర్థం తెలిసినవారు చాలామంది, ఆచరించినవారు కొద్దిమంది. ఒకే స్క్రీను మీద నల్లకాగితం జరుపుకుంటూ రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది నిమిషాలు వెలుగు చూపి కడిగితే ఏ మెట్టు దగ్గర సన్నగీత నిలిచిందో, ఎమల్షన్ జిగురుదేరలేదో కంటికే తెలుస్తుంది. డయజో ఎమల్షన్ అయితే ఇంకా సులువు. చాలినంత వెలుగు అందినచోట పసుపుఛాయ వెలిసిపోతుంది. ఇంకును నెట్టే రబ్బరుబద్ద, అంటే స్క్వీజీ, లాగే వైపు వేలితో తాకితే జారుడుగా ఉందంటే వెలుగు లోపలిదాకా వెళ్లలేదన్నమాట. సెంటీమీటరుకు 120 దారాల మెష్ మీద పూసిన పూతకూ, టీషర్టుల ముతక మెష్ మీద మందపాటి పూతకూ ఒకే సమయం చాలదు. చాలుతుందనే షాపులు నేనెరుగుదును. అక్కడ మిగతా శాస్త్రం గురించి ప్రస్తావించను.

ఇక్కడే ఒక మాయ ఉంది. వెలుగు తక్కువైన ఎమల్షన్ లోపలివైపు కరిగి, తెరుచుకున్న అక్షరంలోకి కారి, కనపడనంత పలచని పొరగా ఆరుతుంది. వెలుగుకు పట్టి చూస్తే అక్షరం తెరిచే ఉంటుంది, ఇంకు మాత్రం దిగదు. అద్వైతులకు మాయ అనిర్వచనీయం. అచ్చువేసేవాడికి అంత కష్టం లేదు: రెండువైపులా పలుచగా నీళ్లు చల్లి, నిమిషం ఆగి, కడిగి, ఆరేలోపు ఇంకు అంటని కాగితంతో అద్దితే పోతుంది.

పద్యంలో చోటు చాలక వదిలినవి రెండు. అద్దం మీది దుమ్ము పిన్‌హోలై చి.ల.సౌ. పక్కన లేని చుక్కను పెడుతుంది. తలకు నూనె రాసుకున్న చేత్తో మెష్‌ను తాకితే ఎమల్షన్ అక్కడ అంటక గుండ్రంగా విడిపోతుంది.

బైక్రోమేట్‌ను ఒట్టిచేతులతో కలపడం గురించి కవి మౌనం వహించడం నాకు నచ్చలేదు. అది చర్మాన్ని పుండ్లు చేసే విషం, అందులోని క్రోమియం క్యాన్సరు తెచ్చే రకం. గోళ్ల పచ్చదనం బిరుదు కాదు.

తాత్పర్యం

కడిగేటప్పుడు బయటపడ్డది కడిగేటప్పుడు పుట్టలేదు. డబ్బాను తర్వాత తిట్టవచ్చు, ముందు పాజిటివ్‌ను ట్యూబ్‌లైటుకు పెట్టి చూడుము.

విశేషం

నాల్గవ పాదంలో "నీవు" ఎవరు? కడిగే కుర్రవాడని ఎక్కువమంది మతం. నాకది సమ్మతం కాదు. అయిపోవచ్చిన టోనరును ఊపి ఊపి వాడమన్నదెవరు? కోటింగు గదిలో పసుపు బల్బు బదులు తెల్ల ట్యూబ్‌లైటు బిగించిందెవరు? సాయంత్రానికి కార్డులిస్తానని పొద్దున ఒప్పుకున్నదెవరు? కాబట్టి సంబోధన యజమానికే. యజమానుల దగ్గరి ప్రతుల్లో మాత్రం "నీటి దోసమేమున్నది, వాడు కడుగ" అని పాఠాంతరం కనిపిస్తుంది. నీకారానికి వాకారం యతి కుదరదండీ అంటే, యతి సంగతి సరే, కార్డులు ఎన్నింటికి అవుతాయో చెప్పమంటారు.