మాట పడకుండా రిహాబ్ సెంటర్ ఎంచుకోవడం ఎలా?

నాన్నకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. "ఇక మా దగ్గర చేసేదేం లేదు, రిహాబ్‌కి తీసుకెళ్లండి" అంది హైదరాబాద్‌లోని కార్పొరేట్ ఆసుపత్రి. మీరు డల్లాస్ నుంచి సెలవు పెట్టి వచ్చారు, చెల్లెలు బెంగళూరు నుంచి వచ్చింది. ఎల్లుండిలోగా తేల్చాలి. కంగారు పడకండి. ఈ కింది సూత్రాలు పాటిస్తే చుట్టాల్లో ఒక్కరూ మిమ్మల్ని వేలెత్తి చూపరు. నాన్న లేచి నడుస్తారా అన్నది వేరే సంగతి.

1. ముందు లాబీ చూడండి. మెరిసే గ్రానైట్, నిలువెత్తు వేంకటేశ్వరస్వామి పటం, కాఫీ మెషీన్ ఉంటే సగం పని అయిపోయినట్టే. చూడవచ్చినవాళ్లు కూర్చునేది అక్కడే కదా. పై అంతస్తులో మూత్రం వాసన గుప్పుమంటే, ఆసుపత్రి అన్నాక ఆ మాత్రం ఉంటుందని సర్దిచెప్పుకోండి.

2. చెప్పి వెళ్లండి. ఫోన్ చేసి, పనిదినం చూసుకుని, ఉదయం పదకొండింటికి వెళితే మార్కెటింగ్ మేనేజరే ఎదురొస్తారు. ఆదివారం రాత్రి భోజనాల వేళ చెప్పాపెట్టకుండా వెళ్లడం మర్యాద కాదు. కాలింగ్ బెల్ మోగుతూనే ఉండటం, ఎంతకీ ఎవరూ రాకపోవడం కళ్లబడితే అనవసరంగా మనసు పాడవుతుంది.

3. యూనిఫాం వేసుకున్నవాళ్లంతా నర్సులే. ఏఎన్ఎం రెండేళ్ల చదువు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఎవరు ఏది చదివారు, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరయ్యారా అని ఆరా తీయకండి. రాత్రిపూట ఈ అంతస్తులో ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులు అని అసలే అడగొద్దు. "24 గంటలూ స్టాఫ్ ఉంటారు సార్" అంటారు, నమ్మండి. వాచ్‌మన్ కూడా స్టాఫే.

4. ఫిజియో గదిలో యంత్రాలు లెక్కపెట్టండి. ఎన్ని ఉంటే అంత మంచిది, మీద దుమ్ము ఉందా లేదా చూడకండి. రోజుకు ఎన్ని నిమిషాలు చేయిస్తారు, ఆదివారాలు ఉంటుందా అన్నవి చిల్లర ప్రశ్నలు. బార్తెల్ స్కోరు అనేది ఒకటుంది. 1965లో వచ్చిన ఆ పద్ధతిలో తినడం, స్నానం, మెట్లెక్కడం లాంటి పది పనులకు కలిపి 100 మార్కులు. చేరినరోజు ఎంత, నెల తిరిగేసరికి ఎంత అని అడిగారా, ఎదుగూ బొదుగూ లేదని బయటపడుతుంది. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారని డాక్టర్లు అంటారు గానీ, తొందరేముంది?

5. దుప్పటి ఎత్తి చూడకండి. మంచం పుండ్లు మొదలయ్యేది మడమల దగ్గర, తుంటి మీద, నడుము కింద. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, తిప్పినట్టు చార్టులో సంతకం పెట్టాలి. మీరు ఏడింటికి వెళ్లేసరికి ఎనిమిది గడిలోనూ, పది గడిలోనూ కూడా సంతకాలు పడి ఉంటే, ఎంత ముందుచూపున్న సంస్థ అని మెచ్చుకోండి.

6. తిండి విషయంలో మొహమాటపడకండి. మింగగలరో లేదో స్పీచ్ థెరపిస్టు పరీక్షించేదాకా ఆగడం ఎందుకు? అమ్మ చేసిన ఉప్మా తినిపించండి, పైన గడగడా నీళ్లు పట్టించండి. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టండి. ఆ మెతుకులు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తే అది వేరే డిపార్ట్‌మెంటు. కంచంలో కుడి సగం మాత్రమే ఖాళీ అయి, ఎడమవైపు కూర కదలకుండా ఉంటే "పేషెంటుకు ఆకలి లేదు" అని రాస్తారు, మీరూ సరేననండి. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవాళ్లకు కంటిచూపు బాగున్నా ఎడమవైపు ఉన్నది మనసుకు ఆనకపోవచ్చు. అది తెలిసిన ఆయా అయితే కంచం అటు తిప్పి పెడుతుంది. అలాంటి ఆయా ఉన్నచోట కాఫీ మెషీన్ ఉంటుందన్న గ్యారంటీ లేదు.

7. ప్యాకేజీ అంటే ప్యాకేజీయే. "అన్నీ కలిపే సార్" అన్నాక కాగితం అడిగితే బాగుండదు. డైపర్లు, గాలి పరుపు, ప్రత్యేకంగా పెట్టే అటెండెంటు, అంబులెన్స్ అందులో లేవని బిల్లే చెబుతుంది. ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమాగా ఉండండి. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో ఐదోది సరిగ్గా ఇదే: స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి సాయం కోసం చేరితే, ఆ పని చదువుకున్న నర్సు చేసినా, ఖర్చు రాకపోవచ్చు. పాలసీ కాగితాలు సంతకం పెట్టాక తీరిగ్గా చదువుకోవచ్చు.

8. వీడియో కాల్ టైం ముందే చెప్పండి. ఆ టైంకి నాన్నకు గడ్డం గీసి, ఉతికిన చొక్కా తొడిగి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెడతారు. ఫోన్ ముఖం దగ్గరే ఉంటుంది. "బాగున్నావా నాన్నా?" అనండి. ఆయన తలూపుతారు. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, బాబాయి దండం బొమ్మ పంపిస్తారు.

9. ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎక్కడ ఉండాలనుందో, రాత్రి పిలిస్తే ఎవరైనా పలికారో లేదో నాన్నను మాత్రం అడగకండి. ఆ ముద్దమాట అర్థం కావాలంటే మంచం పక్కన కూర్చుని, మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినాలి. అంత ఓపిక ఉన్నవాళ్లకు పైన చెప్పిన ఎనిమిదింటితోనూ పనిలేదు.