సాలీళ్లను చంపుకున్న సార్వా

నాన్న పోయాక చేను నా చేతికొచ్చిన మొదటి సార్వా అది. మూడెకరాలూ స్వర్ణ నాటించాను. నెల తిరిగేసరికి ఆకుముడత కనిపించింది. దుబ్బుకు రెండు మూడు ఆకులు తెల్లచారలు పడ్డాయి, అంతే. పక్క చేను బాబాయి గట్టు మీద ఆగి, "తొందరపడకురా, పిలకలు వేసే పైరు, అదే తేరుకుంటది" అన్నాడు. నేను వినలేదు. మందు తెచ్చి కొట్టించాను. పదిరోజులకి మళ్లీ కొట్టించాను. మడిలో పురుగన్నది కదలకూడదని నా పంతం.

మర్నాడు నీళ్ల మీద సాలీళ్లు తేలాయి. ఒకటి దుబ్బు మొదట్లో చిక్కుకుని ఉంది. బూడిదరంగు ఒళ్లు, ముడుచుకుపోయిన కాళ్లు. వెనక మిరియపు గింజంత తెల్లటి గుడ్ల సంచి ఇంకా ఊడలేదు. పుల్లతో కదిపి చూసి, మందు బాగా పనిచేసిందని తృప్తిగా ఇంటికెళ్లాను. ఆ తృప్తి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ఆ జాతి సాలీడు వరిని సుడులుగా ఎండబెట్టే సుడిదోమల్ని రోజుకు 5 నుంచి 15 తింటుంది. దోమ ఇంకా దిగని రోజుల్లోనూ దానికి కూడు ఉంటుంది. మడిలో మగ్గే పెంటనీ, పాత మోళ్లనీ తిని నీళ్లలో సన్న పురుగులు పెరుగుతాయి. వాటికి రెక్కలొచ్చి పైకి లేస్తే సాలీళ్లు పట్టుకుంటాయి. అంటే దమ్ములో నేను తోలించిన పెంటే నా చేనికి కాపలా పెట్టింది. ఆ కాపలాని నేనే డబ్బిచ్చి చంపించాను. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి కాబట్టి వాటికి మందు తగల్లేదు. పుట్టిన పిల్లలకు అడ్డు చెప్పేవాళ్లు లేరు.

కంకి పాలు పోసుకునేటప్పుడు మడి మధ్యలో బండి చక్రమంత మేర ఎండింది. వారంలో సుడులన్నీ కలిసిపోయాయి. ఇండోనేషియాలో ఇలాగే మందులు కొట్టీ కొట్టీ దోమను పెంచుకుని, చివరికి 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించారని ఆ వేసవిలో చదివాను.

ఇప్పుడు రెండు మీటర్లకో కాలిబాట తీస్తాను. దుబ్బు విడదీసి లెక్క చూడందే మందు జోలికి పోను.

కానీ ఆ ఏడు రెక్కల దోమ గట్టు దాటింది. బాబాయి చేలో మావైపు మూల నాలుగు సెంట్లు ఎండిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. అది నా మడిలో పుట్టిన దోమేనని నేనూ ఇంతవరకు ఆయనతో చెప్పలేదు.