పిండి కొద్దీ పట్టా

ఖాజాగూడలో పట్టా అంటే భూమి పట్టాయే. యూనివర్సిటీలు కూడా పట్టాలిస్తాయని ఇక్కడి బ్రోకర్లకు చెబితే గజం ఎంతని అడుగుతారు.

అయినా ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. వంద గజాలు కొనాలన్నా మావాళ్ళు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఆస్తి మీద అప్పులున్నాయేమో చూడటానికి ఈసీ తీయిస్తారు, చెరువు నిండితే నీటి హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, ఎక్కడిదాకా వస్తుందో కొలిపిస్తారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2024 డిసెంబర్ 31న, ఊరంతా కేకుల వేటలో ఉండగా, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ జేసీబీలు ఇక్కడికే వచ్చి చెరువు బఫర్ జోన్‌లోని షాపులను నేలమట్టం చేశాయి. ఇంత జాగ్రత్త గల మనిషే, కొడుకు కంప్యూటర్ డిగ్రీకి లక్షలు కట్టేటప్పుడు మాత్రం బ్రోషర్ మీది అద్దాల బిల్డింగు చూసి సంతకం పెట్టేస్తాడు.

మా సందు చివర టిఫిన్ బండి అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ పాసై ఫుడ్ డెలివరీలో పడ్డాడు. రోజంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు బిర్యానీలు మోసీ మోసీ, తినేవాడికీ మోసేవాడికీ మధ్య ఉన్నది ఒక్క డిగ్రీయేనని కనిపెట్టాడు. "అన్నా, చేతిల 60 వేలున్నయ్. రాత్రి రెండు గంటలు దొరుకుతది. కంప్యూటర్ డిగ్రీ ఏదన్న జెప్పు" అన్నాడు. నాకు తెలియదని ఒప్పుకునే సంస్కారం లేక, మా అపార్ట్‌మెంట్ కమిటీ ముందు నిలబెట్టాను.

"బీటెక్కే చెయ్యి నాయనా. కన్వీనర్ కోటాలో రాకపోతే మేనేజ్‌మెంట్ కోటా ఎందుకుంది?" అన్నారు ప్రెసిడెంటు గారు. మింగ మెతుకు లేనివాడికి మీసాల సంపెంగ నూనె ధర చెప్పడమంటే ఇదే. నాలుగేళ్ళు రోజూ కాలేజీకి పోతే బండెవరు నడపాలన్న ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కలేదు. "ఏఐ వచ్చాక కోడింగ్ పనైపోయింది" అని తేల్చేసిన సెక్రటరీ గారు, కూతురి కోడింగ్ క్లాసుకు టైమైందని లేచారు. ట్రెజరర్ గారు ఒక కంపెనీలో హెచ్‌ఆర్. "ఈ రోజుల్లో డిగ్రీలెవరు చూస్తున్నారండీ, స్కిల్ కావాలి" అన్నారు. వాళ్ళ దరఖాస్తులో మొదటి గడే 'రెగ్యులర్, ఫుల్‌టైం డిగ్రీ మాత్రమే'. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లోనే ప్రకటించింది. ఆ కబురు బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టుంది.

ఈలోపు కుర్రాడు ఏదో ప్రకటన మీద వేలు పెట్టాడు. వెంటనే ఒక కౌన్సెలర్ మేడమ్ ఫోను. ఆన్‌లైన్ డిగ్రీ, నెలకు నాలుగు వేలే, ఈఎంఐ వాళ్ళే పెట్టిస్తారట. మూడే సీట్లు మిగిలాయట. ఎవడింట్లో వాడు మంచం మీద కూర్చుని చదివే కోర్సుకు సీట్లు అయిపోవడమేమిటో నాకు అంతుబట్టలేదు. స్కాలర్‌షిప్ రాత్రి 12 గంటలకు ఎక్స్‌పైర్ అవుతుందట. మర్నాడు ఉదయం 10 గంటలకు అదే స్కాలర్‌షిప్ మళ్ళీ పుట్టింది. ఇంకో మహానుభావుడైతే దూరవిద్యలో బీటెక్కే ఇప్పిస్తానన్నాడు. అది అచ్చంగా చెరువు మధ్యలో ప్లాటు! నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అలా ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీదికి 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు జేసీబీ పంపింది. 2001-05 మధ్య చేరినవాళ్ళకు మళ్ళీ ఒక పరీక్ష రాసుకునే దారి చూపించింది, తర్వాత చేరినవాళ్ళ పట్టాలను రద్దు చేసింది.

కుర్రాడికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ప్లాటుకు ఈసీ తీసినట్టు, డిగ్రీకి యూజీసీ దూరవిద్య బ్యూరో జాబితా చూడు. అందులో యూనివర్సిటీ పేరొక్కటే చాలదు, నువ్వు చేరే కోర్సు పేరు కూడా ఉండాలి.

మూడు రాత్రుల్లో కమిటీకి చేతకాని లెక్క తేల్చుకొచ్చాడు. ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్ మీద మనసు పడింది. జేఈఈ అక్కర్లేదు, వాళ్ళ క్వాలిఫయర్ గట్టెక్కితే చాలు. తీసుకున్న కోర్సులకే ఫీజు, వర్గం, ఆదాయం బట్టి 75 శాతం దాకా రాయితీ. కానీ ఒక్కో కోర్సుకు వారానికి 10 గంటలు కావాలి, వారం వారం అసైన్‌మెంట్లు. "రెండు కోర్సులు దీస్కుంటే 20 గంటలన్నా. నాకున్నయే 14. అండ్ల వానొస్తే ఆర్డర్లు డబల్" అన్నాడు. చివరికి దూరవిద్యలో ఇగ్నో బీసీఏ. ఫీజు అతని చేతికి అందేదే. మూడేళ్ళలో ముగించవచ్చు, కుదరకపోతే ఆరేళ్ళ దాకా సాగదీయవచ్చు. పిండి కొద్దీ రొట్టె.

ఈ దూరవిద్య కథలో మనూరి వాటా కూడా ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకూ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. దుర్గం చెరువు తీగల వంతెన మీద సెల్ఫీలు దిగేవాళ్ళకు ఆ పక్కనే ఉన్న ఆ యూనివర్సిటీ గేటు ఫ్రేములో పడదు.

"ఆరేండ్లంటే జర ఎక్కువైతదా అన్నా?" అన్నాడు ఫారం నింపుతూ. కిటికీలోంచి ఖాజాగూడ గుట్టలు చూపించాను. ఆ బండల వయసు 250 కోట్ల ఏళ్ళట. గ్యాప్ ఎందుకొచ్చిందని వాటిని ఏ హెచ్‌ఆరూ అడగలేదు.

జులైలో చేరాడు. అసైన్‌మెంట్లు చేత్తో రాస్తున్నాడు. ప్రాక్టికల్స్‌కు మాత్రం 70 శాతం హాజరు ఉండాల్సిందే, స్టడీ సెంటర్లో అవి పెట్టేది ఆదివారాలే. కాబట్టి ఈ ఆదివారం మీ బిర్యానీ పది నిమిషాలు ఆలస్యమైతే, అయ్యా, అమ్మా, రేటింగ్ తగ్గించకండి.