ఎక్కుటకొక మెట్టు

1908 నాటి ఫోర్డు మోడల్-టీ కాలమున మోటారుకారు ప్రక్కన విధిగా నుండి, కార్లు నేలకు దిగివచ్చిన కొలదిని అనావశ్యకమై అంతరించిన రన్నింగ్ బోర్డు అను మెట్టు, నేడు అమెరికాలో పికప్ ట్రక్కుల పుణ్యమా యని పునర్జన్మ మెత్తినది. బండి ఆకాశమున కెదగవలెనని వేలకొలది డాలర్లు పోసి లిఫ్టు కిట్టు బిగించుకొన్న మహాశయుడే, పిమ్మట అందులోనికి ఎక్కజాలక మెట్టునకై మరల చెక్కు వ్రాయును. ఆ మెట్టు వ్రేలాడి రాళ్లకు తగులుననియు, పెంచుకొన్న యెత్తులో కొంత దానికే చెల్లుననియు గ్రహించి, తలుపు తీయగనే దిగి, మూయగనే ముడుచుకొను విద్యుత్సోపానమును వరించును. మంచు రాష్ట్రములలో వీథిపై చల్లిన యుప్పు దాని కీళ్లలో జేరగా, సరిగా జనవరి యుదయముననే అది దిగనని మొరాయించును. క్యాబు పొడవు చూడక మెట్టు కొన్నవారి బోల్టులు బండి రంధ్రముల ముఖమైనను చూడవు.

డాలసు చెంతనున్న ఫ్రిస్కోలో మన అల్లుడొకడు సొగసునకై గుండ్రని గొట్టపు మెట్టునే యెన్నుకొనగా, పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి హనుమంతుని గుడికి బయలుదేరిన అత్తగారి పాదము దానిపై నిలువక జారెను; నాటినుండి వంటయింటి ప్లాస్టిక్కు పీట వెనుక తొట్టిలో స్థిరనివాస మేర్పరచుకొన్నది. ఆ తొట్టి ఇంతవరకు మోసిన సరకు అదియొక్కటే.