అమీర్‌పేట హాస్టల్లో కీర్తనల పుస్తకం

నేను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని. గుంటూరులో ఒక అమ్మమ్మ ట్రంకుపెట్టెలోంచి అమీర్‌పేట హాస్టల్‌ గదికి, జావా నోట్సుల పక్కకి వచ్చాను. మైత్రీవనం చుట్టూ కోర్సులకని జిల్లాల నుంచి పిల్లలు వస్తే, వాళ్ల సంఘాలూ వెంట వస్తాయి. మా గదిలో గుంటూరు లూథరన్‌, ఒంగోలు బాప్టిస్టు, మెదక్‌ సిఎస్‌ఐ. ఎదురు గదిలో ఆర్‌సీఎం, అంటే రోమన్‌ కాథలిక్‌ అమ్మాయి.

వాదన ఎప్పుడూ నీళ్ల దగ్గరే మొదలవుతుంది. గుంటూరు అమ్మాయికి ఒళ్లో బిడ్డగా ఉండగానే నెత్తిన నీళ్లు పోసి బాప్తిస్మమిచ్చారు. ఒంగోలు అమ్మాయి టెన్త్ అయ్యాక, తన విశ్వాసం తానే ఒప్పుకుని నీళ్లలో మునిగింది.

"రోమా ఆరో అధ్యాయంలో పౌలు బాప్తిస్మాన్ని పాతిపెట్టడంతో పోల్చాడు కదక్కా. మునగకపోతే పాతిపెట్టినట్టెలా?"

"మరి అపొస్తలుల కార్యాలు పదహారు చూడు. ఫిలిప్పీ చెరసాల అధికారి ఇంటివాళ్లంతా ఆ రాత్రే పొందారు. ఆ ఇంట్లో పసిపిల్లలు లేరని ఎవరు చెప్పారు?"

"ఉన్నారని మాత్రం ఎక్కడుంది?"

ఈ మాటల వెనక చాలా చరిత్ర ఉంది. లూథరన్‌ మిషనరీ హయ్యర్‌ గుంటూరు వచ్చింది 1842లో. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ క్లౌ కాలంలో 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం పొందారు. ఆ అమ్మాయిలిద్దరూ తమ తాతమ్మల తరఫున కూడా మాట్లాడుతున్నారు. "అన్నీ ఒకటేలే" అని కొట్టిపారేసేవాళ్లకన్నా, వాక్యం విప్పి పోట్లాడే ఈ పిల్లలంటేనే నాకు గౌరవం.

నాలో ఎక్కువగా నలిగినవి శ్రమకాలంలో పాడే పుటలు. నాకు పేరు తెచ్చినవాళ్లలో ముందుండేది పురుషోత్తమ చౌదరి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్టిస్టుల చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవాడు. మన రాగతాళాల్లో, పల్లవీ చరణాలతో క్రీస్తును పాడాడు. పసిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే లూథరన్లు తరతరాలుగా ఆయన్నే పాడుకుంటున్నారు. ఒంగోలు అమ్మాయి ఈ సంగతి చెప్పినప్పుడు గుంటూరు అమ్మాయి వాదన వదల్లేదు గానీ, ఆ రాత్రి ప్రార్థనకు ఆయన కీర్తనే తీసింది.

ప్రభువు బల్ల మీది రొట్టె దగ్గర ఇంకా చిక్కు. ఆర్‌సీఎం అమ్మాయికి అది నిజంగా క్రీస్తు శరీరంగా మారిపోతుంది. లూథరన్‌కు రొట్టె రొట్టెగా ఉంటూనే శరీరం దానితో ఉంటుంది. బాప్టిస్టుకు అది ప్రభువు మరణాన్ని స్మరించుకోవడం.

మెదక్‌ అమ్మాయి ఒకసారి సూటిగా అడిగింది: "1947 సెప్టెంబర్‌ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి మా సిఎస్‌ఐ అయ్యారు. మీరెందుకు రాలేదు?"

"బల్ల దగ్గర ఏం జరుగుతుందో ఒప్పుకోకుండా ఎలా కలుస్తాం?" అంది గుంటూరు అమ్మాయి.

"కలిశాకే ఒప్పుకోవడం నేర్చుకోవచ్చు" అంది మెదక్‌ అమ్మాయి. ఒంగోలు అమ్మాయి రెండింటికీ తల అడ్డంగా ఊపి, మళ్లీ రోమా పత్రిక తెరిచింది.