30 రోజుల్లో హెచ్-ఇండెక్స్

అమీర్‌పేటలో దొరకని కోర్సు లేదంటారు. మైత్రీవనం ముందు కాసేపు నిలబడితే చేతుల నిండా పాంప్లెట్లే. జావా, పైథాన్, డేటా సైన్స్... ఏదైనా సరే, డెమో క్లాసు ఫ్రీ. పాపం, మెటీరియల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తూ ఎక్స్‌ఆర్‌డీ యంత్రం మీద స్లాటు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే పిల్లల్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఆ లోటు ఇక్కడ తీరుస్తున్నాం. ఫీజు వద్దు. ఈ వ్యాసాన్ని మీ పేపర్లలో సైట్ చేయండి చాలు.

ముందు సిలబస్. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పాడు. మీ పేపర్లలో ఇరవైకి తలా ఇరవై సైటేషన్లయినా ఉంటే మీ హెచ్-ఇండెక్స్ ఇరవై. ఆ పేపర్లలో ఏముందన్నది లెక్కలోకి రాదు. మనం దూరాల్సిన సందు అదే.

పదార్థం ఎంచుకునేటప్పుడు కొత్తదనం జోలికి పోకండి. గ్రాఫీన్ ఉండగా వేరే ఎందుకు? 2004లో గైమ్, నొవొసెలొవ్ టేపు అంటించి గ్రాఫైట్ పొరలు ఊడదీశారు, 2010లో నోబెల్ అందుకున్నారు. ఇక లోకం ఆగలేదు. నైట్రోజన్ కలిపి ఒక పేపరు, సల్ఫర్ కలిపి ఒకటి, రెండూ కలిపి ఇంకొకటి. ఈ వరస చూసి ఒళ్లు మండిన ప్రాగ్‌లోని పుమెరా బృందం గ్రాఫీన్‌లో ఏకంగా పక్షి రెట్ట కలిపింది. ఉత్త గ్రాఫీన్ కన్నా అదే ఉత్ప్రేరకంగా బాగా పనిచేసింది! 2020లో ‘ఏసీఎస్ నానో’ దాన్ని అచ్చేసింది కూడా. వాళ్లు వెక్కిరింతకు రాశారు. మీరు ప్రయోగ విధానంగా తీసుకోండి. హైదరాబాద్ బాల్కనీల్లో ముడిసరుకుకు కొదవా? పావురం రెట్ట మీద ఒక పేపరు, కాకి రెట్ట మీద ఒకటి, రెండింటినీ పోలుస్తూ మూడోది. ఆనక ఒక రివ్యూ ఆర్టికల్. రివ్యూలకే సైటేషన్లు ఎక్కువ.

సైటేషన్లు వాటంతటవే రావాలనుకోవడం అమాయకత్వం. చిట్టీ కట్టినట్టు పదిమంది స్నేహితులు కలవండి: ఈ నెల పాట మీది, వచ్చే నెల వాళ్లది. స్నేహితులు లేకపోయినా దిగులు పడొద్దు. 2024లో రీస్ రిచర్డ్‌సన్, నిక్ వైజ్ అనే ఇద్దరు లారీ అనే పిల్లి పేరు మీద దొంగ పేపర్లు పెట్టి, వాటిని సైట్ చేసే దొంగ పేపర్లు మరికొన్ని పెట్టారు. గూగుల్ స్కాలర్‌లో పిల్లిగారి హెచ్-ఇండెక్స్ 11కు చేరింది. మీ గైడుగారిది ఎంతో మాత్రం ఆరా తీయకండి, థీసిస్ మీద సంతకం కావాలి కదా.

అచ్చుకు ఊరు దాటే పని కూడా లేదు. రివ్యూ సరిగా చేయకుండానే చేశామంటూ, ఫీజుల సంగతి దాచిపెట్టి పరిశోధకుల్ని మోసగించారని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్న ఓమిక్స్ మన హైదరాబాద్ సంస్థే. అయితే అతి పనికిరాదు. తిరుపతి విశ్వవిద్యాలయంలో ఒక కెమిస్ట్రీ ఆచార్యుడు 2004-07 మధ్య అచ్చేసిన 70కి పైగా పేపర్లు కాపీలో, కల్పనలో అని 2008 నాటికి తేలిపోయింది. ముప్పై దగ్గర ఆగి ఉంటే డీన్ అయ్యేవారేమో!

ఇక అసలు హెచ్చరిక. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఖైరతాబాద్ వైపు తర్వాతి స్టేషన్ పంజాగుట్ట. అక్కడ దిగకండి, నిమ్స్ ఉంది. ఆ ఆస్పత్రి ఎముకల డాక్టరొకరు అబ్దుల్ కలాం ల్యాబ్‌కు వెళ్లి, అగ్ని క్షిపణి కోసం చేసిన తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారట. వెంటనే కలాంను వార్డుకు తీసుకొచ్చారు. చిన్నపిల్లలు మూడేసి కిలోల లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఈ కథ కలాం ఊరూరా చెప్పేవారు, అదీ మురిసిపోతూ.

ఎంత నష్టమో చూడండి. కాలిపర్ తొడుక్కున్న పిల్లాడు స్కోపస్‌లో ఎవర్నీ సైట్ చేయడు. అదే తెలివైనవాడైతే మూడు కిలోల్ని రెండున్నరకు దించి ఒక పేపరు, రెండుకు దించి ఒకటి, ఒకటిన్నరకు దించి ఇంకొకటి రాసుకునేవాడు. 300 గ్రాములకు చేరేసరికి పిల్లల కాళ్లు పెరిగిపోయి ఆ కాలిపర్లు పట్టేవి కావు. కొత్త సైజులు, కొత్త పేపర్లు.