తువాలు వేసిన సీటు

నలభై యాభై మంది వ్యోమగాములు కావాలట! అంతరిక్ష కేంద్రానికి వెళ్ళొచ్చిన శుక్లా గారు ఢిల్లీకి వచ్చి ప్రధానిని కలిసిన రోజు వినిపించిన మాట ఇది. అదే రోజు లోక్‌సభలో అంతరిక్షం మీద ప్రత్యేక చర్చ పెట్టారు, అది గోలలో కొట్టుకుపోయింది. సరే, యాభై మందీ ఎక్కేది దేంట్లో? ఆలు లేదు చూలు లేదు సామెతలో పుట్టని కొడుకు ఒక్కడే. ఇక్కడ యాభై మంది సోమలింగాలు.

శుక్లా మీద నాకే కోపమూ లేదని ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో దేశద్రోహి అంటారు. ఇప్పటికే ఒకసారి అన్నారు. పద్దెనిమిది రోజులు స్టేషన్లో ఉండి, చెప్పిన పని చేసి, క్షేమంగా తిరిగొచ్చిన మనిషి ఆయన. నా పేచీ అంతా కింద మనం వేసిన చిందులతోనే.

ముందు ఆయన పైకి తీసుకెళ్ళిన పెసలూ మెంతుల సంగతి. పైన నాలుగు గింజలు మొలకెత్తగానే ఆయన్ని రైతన్నను చేసేశారు. ఒక చానల్లో యాంకర్ గుప్పెట్లో పెసలు పోసుకుని "ఇవే ఆ గింజలు" అన్నాడు. కావు నాయనా, అవి మీ వీధి కిరాణా కొట్టువి. గుడ్డలో మూటగట్టిన పెసలు తెల్లారేసరికి మొలకలెత్తడం మనింట్లో ఎవరూ ఎప్పుడూ చూడనట్టు, నలభై నిమిషాలు అదే బొమ్మ.

అక్కడితో ఆగిందా? మా మనవరాలి బడి నుంచి చీటీ, పోటీకి ఇవి కావాలని. తడి దూదిలో మొలకెత్తించిన మెంతులు, వెనక అట్టమీద శుక్లా ఎగిరిన ఫ్లోరిడా పటం, ఒంటిమీద నారింజ రంగు సూటు. సూటు అద్దె ఆరువందలు, బడిలోనే ఇస్తారు. శుక్లా ఎగిరినప్పుడు వేసుకున్న సూటు ఆ రంగుది కాదమ్మా అని టీచరమ్మతో అన్నాను. "స్టాకులో అదే ఉందండీ" అంది. దూదిలో మెంతులు కుళ్ళి వాసన కొడితే, వాటిని ఆ పిల్ల 'సున్నా గురుత్వంలో' పెంచానని స్టేజీ మీద చెప్పింది. మొదటి బహుమతి!

ఇంతకీ ధార్వాడ శాస్త్రజ్ఞులు ఆ గింజల్ని ఎందుకు పంపారు? పైన మొలకెత్తిన వాటిని తిరిగి తెచ్చి, ఇక్కడ తరం తర్వాత తరం పెంచి, జన్యువుల్లో, పోషకాల్లో ఏం తేడా వచ్చిందో చూడాలని. ఓపికగా చేయాల్సిన పని, మంచి పని. ఆ ఫలితం ఎప్పుడొస్తుందని అడిగిన యాంకర్ ఒక్కడూ నాకు కనపడలేదు.

శుక్లా పైకి పట్టుకెళ్ళిన క్యారెట్ హల్వా గురించి నేను మాట్లాడను. నౌకలో వాళ్ళతో తేలిన హంస బొమ్మ గురించీ మాట్లాడను.

అమెరికా బండిలో శుక్లాకి కొన్న ఈ సీటుతో మన సొంత మానవయాత్ర గగనయాన్ నాలుగడుగులు ముందుకు పడిందంటున్నారు. పడొచ్చు. సుమారు 550 కోట్లు పెట్టాక ఏదో ఒకటి పడాలి. కానీ మన బస్టాండ్లో కిటికీలోంచి తువాలు వేసి సీటు పట్టుకున్నవాడు బస్సు నాదే అని ఊరేగడం నేనెక్కడా చూడలేదు. వియత్నాం, క్యూబా 1980లోనే సోవియట్ బండి ఎక్కాయి. 1981లో మంగోలియా, 1987లో సిరియా, 1988లో అఫ్ఘానిస్థాన్. మనిషిని మోసే సొంత రాకెట్ వీళ్ళలో ఎవరికుంది? 2007లో మలేషియాకు సుఖోయ్ విమానాల కొనుగోలుతో పాటు ఒక సీటు దక్కింది. మళ్ళీ ఆ దేశం నుంచి ఎవరూ వెళ్ళలేదు. 1978లో పోలండ్, 1980లో హంగరీ, 1984లో మన రాకేశ్ శర్మ. ఈసారి ఆ మూడు దేశాల చుట్టాలే కలిసి అమెరికా బండెక్కారు. నలభై ఏళ్ళలో మారింది బండి ఓనరు.

చైనా రష్యాలో పాఠాలు నేర్చుకుంది, సామానూ కొనుక్కుంది, సీటు మాత్రం కొనలేదు. 2003 అక్టోబరులో యాంగ్ లివేని తన షెంజౌలోనే పంపింది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. వ్యోమనౌకలో మనిషి ఊపిరి తీసుకోవడానికి గాలినీ, తేమనీ, వేడినీ అదుపులో ఉంచే ఏర్పాటు ఉండాలి. దాన్ని బయటివాళ్ళు ఎవరూ ఇవ్వలేదు, మేమే తయారుచేసుకుంటున్నాం అని ఇస్రో అధ్యక్షుడిగా ఉన్నప్పుడు సోమనాథ్ గారు బహిరంగంగానే చెప్పారు. సీటు అమ్ముతారు, ఊపిరి అమ్మరు! ఈ ఒక్క ముక్క పలకమీద రాయించి పిల్లల చేత దిద్దించాలి, నారింజ సూట్లు తర్వాత. మన నౌకలో మన మనిషిని 2022కల్లా పంపుతామని 2018లో ఎర్రకోట మీంచి అన్నారు. ఇప్పుడు 2027 అంటున్నారు. 9,023 కోట్ల ఖర్చు, సొంత స్టేషన్ తొలి భాగం కూడా కలిపి 20,193 కోట్లకు చేరింది. ఆలస్యం తప్పు కాదు, మనిషి ప్రాణంతో పని. ఆ ఆలస్యం మీద తువాలు కప్పి పండగ చేయడం తప్పు. శుక్లాతో పాటు రష్యాలో శిక్షణ పొందిన ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. వాళ్ళ పేర్లు మా గ్రూపులో అడిగాను. ఒకాయన నమస్కారం బొమ్మ పెట్టాడు.

శుక్లా యాత్రలో నిజంగా మనకు మిగిలింది, జూన్‌లో ఆయన్ని మోయాల్సిన ఫాల్కన్ రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు బయటపడ్డ రోజున మిగిలింది. పూర్తిగా బాగుచేసి, మళ్ళీ పరీక్షించాకే ఎగరాలని మనవాళ్ళు పట్టుబట్టారని సోమనాథ్ గారి తర్వాత ఇస్రో అధ్యక్షుడైన నారాయణన్ గారు చెప్పారు. అంటే ఎదుటివాడి బండి టైర్లు తట్టి చూడ్డం మనకొచ్చు. దీనిమీద మాత్రం ఎవరూ పాట కట్టలేదు.

2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర చినూక్ హెలికాప్టరు సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తునుంచి దాదాపు అయిదు టన్నుల ఉత్తుత్తి వ్యోమనౌకను వదిలింది. పారాచూట్లు విచ్చుకున్నాయి. మన మనిషి బతికి కిందికి రావడమంటే అదీ. మర్నాడు నేను తెప్పించే పేపర్లో ఆ వార్త లోపలి పేజీలో, వేలెడంత.

రేపు గగనయాన్ తొలి నౌక ఎగిరినప్పుడు అందులో మనిషి ఉండడు, వ్యోమమిత్ర అనే మరమనిషి ఉంటుంది. హల్వా ఉండదు, సెల్ఫీ ఉండదు. చానళ్ళవాళ్ళు రాకపోయినా మీరు వెళ్ళండి. శ్రీహరికోటలో జనం చూడ్డానికి గ్యాలరీ కట్టారు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. సూళ్ళూరుపేట దాకా రైలుంది.